మొదటి రాక్ పాటగా ‘స్మోక్ ఆన్ ద వాటర్’ నిజంగా తేలికేనా?

గిటార్ కొని మూడు నెలలైందనీ, నాలుగైదు ఓపెన్ కార్డులు (కొన్ని తీగలను నొక్కకుండా వదిలి, కలిపి మోగించే స్వరాల గుంపులు) పడుతున్నాయనీ, తేలికైన పాత రాక్ పాట ఒకదాన్ని మొదటినుంచి చివరిదాకా వాయించాలని ఉందనీ, ఏ పాట ఎంచుకోవాలో, దానికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పమనీ మీరు అడిగారు. ఎన్నాళ్లన్నది కొంత మీ చేతుల్లోనూ, కొంత మీకు ఆ గిటార్ అమ్మిన దుకాణదారు చేతుల్లోనూ ఉంది కాబట్టి దాని సంగతి తరువాత చెబుతాను. ఏ పాట అన్నదానికి మాత్రం నా దగ్గర ఒక్కటే జవాబు ఉంది. డీప్ పర్పుల్ బృందం 1972లో ‘మెషీన్ హెడ్’ ఆల్బమ్‌లో విడుదల చేసిన ‘స్మోక్ ఆన్ ద వాటర్’.

ఈ పేరు మీకు ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు. నాలుగే స్వరాలు, పది నిమిషాల్లో వచ్చేస్తుంది అని కూడా చెప్పి ఉంటారు. ఆ కారణంతో నేను ఏకీభవించను. మోగించిన తీగను సరైన క్షణంలో ఆపడం ఎలాగో ఈ పాట నేర్పినంత బాగా కొత్తవాళ్ల చేతికి అందే మరే పాటా నేర్పదు. గిటార్ పట్టిన వాళ్లంతా తీగ మోగించడానికే తంటాలు పడతారు. ఆపడం కూడా వాయించడంలో భాగమేనని ఎవరో గట్టిగా చెప్పేదాకా వాళ్లకు తోచదు.

ముందు స్వరాల సంగతి చూద్దాం. పాట జి శ్రుతిలో ఉంటుంది. జి ని షడ్జమం అనుకుంటే ఆ ప్రసిద్ధమైన రిఫ్‌లో, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరసలో, వినిపించేవి షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ఒకే ఒక్కసారి తొంగిచూసి వెళ్లిపోయే ప్రతి మధ్యమం. మన 72 మేళకర్తల్లో, అంటే కర్ణాటక సంగీతంలోని మూల రాగాల్లో, ఏ ఒక్కదానిలోనూ రెండు మధ్యమాలూ కలిసి ఉండవు కాబట్టి, చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నవాళ్ల చెవికి అక్కడ కాస్త ఇబ్బందిగా, అంతకంటే ఎక్కువ సరదాగా ఉంటుంది. ఇది బ్లూస్ సంగీతం నుంచి వచ్చిన అలవాటు.

గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ ఈ రిఫ్‌ను ప్లెక్ట్రమ్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) గీయకుండా, పక్కపక్క తీగలను రెండేసి చొప్పున వేళ్లతో ఒకేసారి లాగి వాయిస్తాడు. రెండు తీగలూ ఒక్క క్షణంలో పలకాలి, ఒకదాని వెనక ఒకటి జారకూడదు. ఎడమచేతికి ఇందులో పెద్ద కష్టం లేదు. తీగలను సన్న తీగనుంచి లెక్కపెట్టాలి, ఫ్రెట్లంటే గిటార్ మెడ మీది అడ్డగీతలు. అయిదో తీగ, నాలుగో తీగ కలిపి అయిదో ఫ్రెట్ దగ్గర ఒకే వేలితో అడ్డంగా నొక్కండి. అది షడ్జమం. తరువాత నాలుగు, మూడు తీగలపైకి దిగి మూడో ఫ్రెట్, ఆపైన అయిదో ఫ్రెట్. రెండోసారి మళ్లీ షడ్జమం, మూడో ఫ్రెట్, ఆరో ఫ్రెట్, అయిదో ఫ్రెట్. మూడోసారి మొదటిసారిలాగే మూడు స్వరాలూ వాయించి, మూడో ఫ్రెట్ మీదుగా షడ్జమానికి తిరిగి రావాలి.

ఇంటర్నెట్‌లో దొరికే ట్యాబ్‌లలో (ఏ తీగను ఏ ఫ్రెట్ దగ్గర నొక్కాలో అంకెల్లో రాసిన కాగితాల్లో) చాలావాటిలో ఇలా ఉండదు. కొన్ని లావుపాటి ఆరో తీగ ఒక్కదాని మీద సున్నా, మూడు, అయిదు అని రాసి ఊరుకుంటాయి. అలా వాయిస్తే పాట ఇ శ్రుతిలోకి పోతుంది, అసలు రికార్డుతో కలిపి వాయించడం కుదరదు. మరికొన్ని నాలుగు, మూడు తీగలను నొక్కకుండా ఓపెన్‌గా వదిలేయమంటాయి. స్వరాలు సరిగ్గా అవే వస్తాయి, నేను ఒప్పుకుంటాను, కానీ ఓపెన్ తీగను ఆపాలంటే వేరే ఉపాయం వెతుక్కోవాలి. నొక్కిన తీగనైతే వేలు సడలిస్తే చాలు, మూగబోతుంది. ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్లనే ఈ రిఫ్ మన ఊళ్లలో, ఇంజనీరింగ్ కాలేజీల హాస్టళ్లలో ముఖ్యంగా, ఆగకుండా మోగే గంటలా వినిపిస్తుందని నా గట్టి నమ్మకం.

నేను ఈ పాట నేర్చుకున్నది సికింద్రాబాద్ మెట్టుగూడలో, రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన దగ్గర. వయసులో ఉన్నప్పుడు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో క్రిస్మస్ డాన్సులకు బ్యాండ్‌లో వాయించేవాడట. మేమంతా ఆయన్ను అంకుల్ అనే పిలిచేవాళ్లం, ఆయన ఆడా మగా తేడా లేకుండా అందరినీ ‘మ్యాన్’ అనేవాడు. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి, ఇంటర్ చదువుతున్న కుర్రాడొకడు కొత్త ఎలక్ట్రిక్ గిటార్, దానితోపాటు కొనిపించుకున్న చిన్న ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) వరండాలో పెట్టుకుని ఈ రిఫ్‌నే ధారాళంగా వాయించేస్తున్నాడు. వేళ్లలో మంచి చురుకు ఉంది. శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పూర్తిగా పెంచి ఉండడంతో కిటికీ రెక్క కూడా వంత పాడుతోంది.

అంకుల్ లోపలినుంచి వచ్చి, ఆంప్ తీగ పీకేసి, “ఏం మ్యాన్, ఎందుకంత పరుగు? రైలు వెళ్లిపోతోందా?” అన్నాడు.

“నోట్స్ అన్నీ కరెక్టే కదా అంకుల్,” అన్నాడు కుర్రాడు.

“అన్నీ ఉన్నాయి. మధ్యలో సందులే లేవు.”

అని గిటార్ తన ఒళ్లో పెట్టుకుని, ఆంప్ లేకుండానే, చాలా నిదానంగా మొదటి మూడు స్వరాలు వాయించాడు. నేను ఆయన ఎడమచేతినే చూస్తూ కూర్చున్నాను. వేలు తీగను ఒక్కసారి కూడా వదల్లేదు. నొక్కుడు మాత్రం సడలేది, తీగ ఫ్రెట్ మీదినుంచి వెంట్రుకవాసి పైకి లేచేది, వేలు దాన్ని తాకుతూనే ఉండేది, శబ్దం కత్తెరతో కోసినట్టు తెగిపోయేది. మొదటి రెండు స్వరాలు పొట్టిగా తెగేవి, మూడోది నిలబడేది. ఆంప్ లేని ఎలక్ట్రిక్ గిటార్ శబ్దం ఎంత? అయినా ఆ వరండాలో అది పాటలాగే వినబడింది.

తరువాత కుర్రాడికి గిటార్ తిరిగి ఇచ్చి, కాలితో తాళం వేస్తూ వాయించమన్నాడు. మొదటి మూడు స్వరాలదాకా కాలు బాగానే ఆడేది. రెండో వరస రాగానే ఆగిపోయేది, లేదా చేతి వెంట పరుగెత్తేది. ఎన్నిసార్లు చేసినా అంతే. చివరికి అంకుల్ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, తన చెప్పు కాలు ఆ కుర్రాడి పాదం మీద పెట్టి, “కాలు నాది, చెయ్యి నీది, వాయించు మ్యాన్,” అంటూ తానే తాళం తొక్కడం మొదలుపెట్టాడు. కుర్రాడి మొహం చూసి నాకు నవ్వు ఆగలేదు, కానీ చీకటి పడేలోపు వాడి చేయి దారిలో పడింది.

కాలు అక్కడే ఎందుకు తడబడుతుందో మన లెక్కలో చెబితే సులువుగా అర్థమవుతుంది. రిఫ్ మొత్తం ఆదితాళంలో రెండు ఆవర్తనాలకు, అంటే ఎనిమిదేసి అక్షరాల (తాళపు దెబ్బల) రెండు చుట్లకు, సరిపోతుంది. మొదటి ఆవర్తనంలో స, గ, మ మూడూ ఒకటి, రెండు, మూడు అక్షరాల మీద నేరుగా పడతాయి. రెండో వరసలోని షడ్జమం మాత్రం అయిదో అక్షరం కోసం ఆగదు, దానికి అర అక్షరం ముందే వచ్చేస్తుంది. అక్కడినుంచి గాంధారం అయిదున్నర దగ్గర, ప్రతి మధ్యమం ఆరున్నర దగ్గర పడి, శుద్ధ మధ్యమం ఏడో అక్షరం మీద మళ్లీ తాళాన్ని కలుసుకుంటుంది. రెండో ఆవర్తనం కూడా తిన్నగానే మొదలై, చివరి గాంధారం అయిదుకు అర అక్షరం ముందు, చివరి షడ్జమం అయిదున్నర దగ్గర పడతాయి. తొడ మీద తాళం వేస్తూ సరళీ వరుసలు పాడిన వాళ్లెవరికైనా ఈ లెక్క ఒక పూటలో పట్టుబడుతుంది. అందుకే, గిటార్ ముట్టుకోకముందు ఈ రిఫ్‌ను నోటితో పాడుతూ చేత్తో తాళం వేయండి. తాళం చూపే యంత్రం మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర మొదలుపెట్టి, తడబాటు పోయాకే పెంచండి. అసలు రికార్డు వేగం సుమారు 112.

ఈ పాట వెనక ఉన్న కథ తెలిస్తే సాహిత్యం గుర్తుపెట్టుకోవడం కూడా తేలికవుతుంది, ఎందుకంటే చరణాలు జరిగినదాన్ని జరిగినట్టే చెబుతాయి. 1971 డిసెంబరులో ఈ బృందం ఆల్బమ్ రికార్డు చేయడానికి స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మాంట్రో పట్టణానికి వెళ్లింది. అక్కడి క్యాసినోలో రికార్డింగ్ చేయాలని ఏర్పాటు. దానికి ముందు, డిసెంబరు 4న, అదే క్యాసినోలో అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఎవరో ఫ్లేర్ గన్ (మంట వెలుగు చిమ్మే తుపాకీ) పైకప్పు వైపు పేల్చడంతో మంటలు లేచి భవనమంతా కాలిపోయింది. నిర్వాహకుడు క్లాడ్ నాబ్స్ లోపల చిక్కుకున్న పిల్లలను బయటికి తెచ్చిన సంగతి పాటలోనే ఉంది. సరస్సు మీద పరుచుకున్న పొగను చూసినవాళ్లలో బేస్ గిటారిస్టు రోజర్ గ్లోవర్ ఒకడు, పాట పేరు ఆయనకే తట్టింది.

నన్ను ఎక్కువగా ఆకర్షించేది ఆ తరువాత జరిగింది. క్యాసినో పోయాక వాళ్లు పవిలియన్ అనే థియేటర్‌లోకి మారి, రాత్రివేళ ఈ పాట వాయిద్యాల ట్రాక్ రికార్డు చేశారు. చప్పుడు భరించలేక చుట్టుపక్కలవాళ్లు ఫిర్యాదు చేస్తే పోలీసులు వచ్చారు. టేక్ పూర్తయ్యేదాకా వాళ్లు లోపలికి రాకుండా బృందం సిబ్బంది తలుపులు పట్టుకుని నిలబడ్డారు. ఇప్పుడు ఆ రికార్డు మళ్లీ వినండి. బయట పోలీసులు తలుపు బాదుతున్నా ఆ రిఫ్‌లో తొందర ఎక్కడైనా వినబడుతోందా? మన దగ్గర తలుపు బాదేవాళ్లెవరూ లేకపోయినా అందరూ పరుగులే పెడతారు.

రిఫ్ వచ్చేసింది కదా అని ఆగిపోవద్దు. పది సెకన్ల వీడియో తీసి నలుగురికీ పంపించి, మరుసటి రోజు ఇంకో పాట రిఫ్ మొదలుపెట్టే అలవాటు ఈ మధ్య మరీ ముదిరిపోయింది. అలాంటి వాళ్లకు ఇరవై పాటల మొదళ్లు వస్తాయి, ఒక్క పాట చివర రాదు. మీరు పూర్తి పాట అడిగారు కాబట్టే ఇంత రాస్తున్నాను. చరణంలో జి పవర్ కార్డు (షడ్జమ పంచమాలు మాత్రమే ఉండే చిన్న కార్డు), మధ్యమధ్య ఎఫ్ పవర్ కార్డు చాలు. ఆరో తీగ మీద ఒకటి మూడో ఫ్రెట్ దగ్గర, రెండోది మొదటి ఫ్రెట్ దగ్గర. పల్లవిలో సి, ఎ ఫ్లాట్, జి వస్తాయి. చేతి ఆకారం అన్నింటికీ ఒక్కటే, చోటు మాత్రమే మారుతుంది. ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కాల్సిన, కొత్తవాళ్లను ఏడిపించే ఎఫ్ బారె కార్డు దీనిలో అక్కర్లేదు. రిఫ్‌ను రికార్డులో గిటార్ ఒక్కటే మొదలుపెడుతుంది, జాన్ లార్డ్ హామండ్ ఆర్గన్, డ్రమ్స్, బేస్ తరువాత ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. కాబట్టి మొదట్లో కాసేపు మీరు ఒంటరివాళ్లు, మీ తాళం మీరే చూసుకోవాలి.

ఇక ఎన్నాళ్లు అన్న ప్రశ్న. రోజుకు అరగంట తప్పకుండా కూర్చుంటే రెండు నెలల్లో పాట పూర్తిగా వస్తుంది, గిటార్ సహకరిస్తే. కొత్తవాళ్లకు అమ్మే చౌక గిటార్లలో తీగలు ఫ్రెట్ల నుంచి మరీ ఎత్తుగా ఉంటాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు స్కేలుతో కొలవండి. అకూస్టిక్ గిటార్‌కు రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే హాయి, నాలుగు దాటితే అది వ్యాయామ పరికరం. నాకు మొదటి గిటార్ అమ్మిన దుకాణంలో ఈ మాట ఎత్తితే, “కొత్తలో అలాగే ఉంటుందండీ, వేళ్లు గట్టిపడితే సర్దుకుంటుంది,” అన్నారు. వేళ్లు గట్టిపడేలోపు చాలామంది గిటార్‌ను అటక మీదికి ఎక్కిస్తారు. అరగదీయవలసింది శాడిల్‌ను (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే సన్న పట్టీని), దానికి చేయి తిరిగిన మనిషికి అరగంట పని. అలాగే తీగలు లైట్ గేజ్‌వి, అంటే సన్నవి, వేయించండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉంటే తుప్పు తొందరగా పడుతుంది కాబట్టి వాయించాక పొడిగుడ్డతో తుడవండి.

సోలో (పాట మధ్యలో గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే భాగం) జోలికి ఇప్పుడే వెళ్లకండి. దాని కింద కార్డుల నడక కొంత మారుతుంది, వేళ్లకు ఇంకో స్థాయి సాధన కావాలి. రికార్డుతో కలిపి వాయిస్తున్నప్పుడు సోలో వచ్చిన చోట చేతులు దించి, బ్లాక్‌మోర్‌నే వాయించనివ్వండి. ఇంట్లో ఫంక్షన్‌లో ఎవరైనా ‘ఇంగ్లీషు పాట ఎందుకు, ఏదైనా సినిమా పాట వాయించు’ అంటే, రిఫ్ మూడుసార్లు వాయించి నాలుగోసారికి వాళ్లను తాళం వేయమనండి. రెండో వరస దగ్గర చప్పట్లు ఎక్కడెక్కడ పడతాయో మీరే చూద్దురుగాని.