తప్పిపోయినవారా, దారి తప్పినవారా?

సందేహం: మా చర్చి సంఘంలో చాలా నెలలుగా ఆరాధనకు రాని కుటుంబాల ఇళ్లకు వెళ్లాలని అనుకున్నాం. కరపత్రం మీద ‘తప్పిపోయిన విశ్వాసుల పరామర్శ’ అని వేశాం. ‘తప్పిపోవడానికి వాళ్లేమైనా చిన్నపిల్లలా? దారి తప్పినవారు అనాలి. పైగా పరామర్శ అనేది చావు ఇంటి మాట’ అని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. ఏది సరైనది? – ఒక సంఘ కార్యదర్శి, సికింద్రాబాద్

సమాధానం: ముందు పరామర్శ సంగతి. అది చావు ఇంటికే పరిమితమైన మాట కాదు. జబ్బుపడ్డవాళ్లనీ, కష్టంలో ఉన్నవాళ్లనీ వెళ్లి మంచిచెడ్డలు అడగడం పరామర్శే. బైబిల్లో యాకోబు పత్రిక (అంటే లేఖ) మొదటి అధ్యాయంలో ‘దిక్కులేని పిల్లలను విధవరాండ్రను వారి యిబ్బందిలో పరామర్శించుట’ అని ఉంది కదా. ఆ మాటను నిశ్చింతగా ఉంచుకోండి.

ఇక ‘తప్పిపోయిన’. ‘తప్పు’ అనే క్రియకు ‘పోవు’ చేరితే, తన ప్రమేయం లేకుండా జరిగిపోయిందన్న అర్థం వస్తుంది. మరచిపోయాడు, తడిసిపోయాడు, పడిపోయాడు, ఇవన్నీ ఆ కోవలోవే. నాంపల్లి నుమాయిష్‌లో మైకులో ‘ఎర్ర చొక్కా వేసుకున్న బాబు తప్పిపోయాడు’ అని చెబితే ఆ పిల్లాణ్ణి ఎవరూ తప్పుపట్టరు, అందరూ చుట్టూ చూస్తారు. ‘దారి తప్పిన కుర్రాడు’ అంటే మాత్రం వాడి నడవడి మీద తీర్పు చెప్పినట్టే. మొదటి మాటకు వెతకడం జతపడుతుంది, రెండోదానికి దిద్దడం. మీ పెద్దాయన ‘చిన్నపిల్లలా?’ అని వెటకారంగా అన్నారు గానీ, ఆ మాటలోని మెత్తదనమంతా అక్కడే ఉంది.

బైబిల్ పాత అనువాదం కూడా ఈ మాటనే పట్టుకుంది. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే దాన్ని వెతుక్కుంటూ వెళ్లే మనిషి ఉపమానం మత్తయి సువార్త 18లోనూ లూకా సువార్త 15లోనూ ఉంది. గ్రీకు మూలంలో మత్తయి వాడింది దారితప్పి తిరగడమనే క్రియ, లూకా వాడింది పోగొట్టుకోవడమనే క్రియ. తెలుగులో రెండుచోట్లా ‘తప్పిపోయిన’ అనే వచ్చింది. దీనివల్ల ఒక నష్టం లేకపోలేదు. లూకా గ్రీకు వాక్యంలో గొర్రెను పోగొట్టుకున్నవాడే కర్త, తెలుగులో గొర్రె కర్త అయింది. ఆ వెంటనే వచ్చే నాణెం కథలో మాత్రం ‘ఒక నాణెము పోగొట్టుకొంటే’ అని సరిగ్గా దిగింది. దీపం వెలిగించి ఇల్లు ఊడ్చే పని ఆ ఇల్లాలిదే, నాణేన్ని నిందించి లాభం లేదు. యెహెజ్కేలు గ్రంథం 34లో కాపరుల మీద, అంటే ప్రజల పెద్దల మీద, వచ్చిన ఫిర్యాదూ ఇదే: తప్పిపోయినవాటిని మీరు వెదకరు అని.

అయితే పెద్దాయన మాటలో పస లేదనను. గలతీ పత్రిక 6వ అధ్యాయం తప్పితంలో చిక్కుకున్నవాణ్ణి ‘మంచిదారికి’ తీసుకురమ్మంటుంది. కాకపోతే అందుకు ‘సాత్వికమైన మనస్సు’ ఉండాలని షరతు పెట్టింది.

మీరిద్దరూ తలచుకోని మూడో మాట ఒకటుంది: తప్పుకున్నవారు. ‘కొను’ చేరగానే ఇష్టపూర్వకంగా చేసిన పని అవుతుంది. పదవి నుంచి తప్పుకున్నాడు, పోటీ నుంచి తప్పుకుంది అంటాం. కమిటీ ఎన్నికల్లో మాట పడి, అప్పు తీర్చలేక మొహం చెల్లక, కూతురి పెళ్లి విషయంలో నొచ్చుకుని రావడం మానేసినవాళ్లు ఈ లెక్కలోకి వస్తారు. వాళ్ల తలుపు తట్టి ‘మీరు తప్పిపోయారు’ అంటే ‘మేమెక్కడికీ పోలేదు, ఇక్కడే ఉన్నాం, మీరే రాలేదు’ అంటారు. వ్యాకరణరీత్యా వాళ్లదే ఒప్పు.

ప్రసంగంలో ‘తప్పిపోయిన’ అనడం నిక్షేపంగా బాగుంటుంది. కానీ కరపత్రం ఆ ఇళ్లలోకే వెళ్తుంది కాబట్టి దాని మీద ఏ విశేషణమూ వద్దు, ‘విశ్వాసుల పరామర్శ’ చాలు. కింద ‘సభ్యులందరూ పరామర్శింపబడుదురు’ అని వేసినట్టున్నారు. దాన్ని ‘ఆదివారం సాయంత్రం మీ ఇంటికి వస్తున్నాం’ అని మార్చండి.