ఎండాకాలం, ఇద్దరు పిల్లలు, ఒక పసుపు డబ్బా

మీకు నాలుగేళ్ల పాప, రెండున్నరేళ్ల బాబు ఉన్నారన్నారు. మధ్యాహ్నం ఎండకు బయటికి పంపలేం, ఫోన్ ఇవ్వడం ఇష్టం లేదు, ఇంట్లో ఉన్నవాటితోనే ఏం చేయించొచ్చు, గోడలూ బట్టలూ పాడవవా అని అడిగారు.

మాది తిరుపతి. పాపకు ఆరు, బుడ్డోడికి మూడున్నర. నాది మధ్యాహ్నం షిఫ్టు, మా ఆవిడ పొద్దున్నే ఆఫీసుకు పోతుంది. కాబట్టి ఒంటిగంట దాకా ఇద్దరూ నా పాలే.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా. పోయిన ఎండాకాలం ఆరొందలు పోసి క్రాఫ్ట్ కిట్టు తెచ్చినా. మెరుపు కాగితాలు, జిగురు, అతికించే కళ్లు. ఒక పూటన్నా గడుస్తుందని నా లెక్క. పది నిమిషాలకు బుడ్డోడు ఖాళీ అట్టపెట్టెలో కూర్చుని తిరుమల బస్సు తోలుతున్నాడు, పాప టికెట్లు కొడుతోంది. ఆ కిట్టుతో చేయాల్సిన గుడ్లగూబ బొమ్మను పూర్తిచేసింది నేను, ఒక్కణ్నే కూర్చుని. అప్పటినుంచీ వాళ్లకోసం ప్రత్యేకంగా ఏదీ తేవడం లేదు. ఇంట్లో ఎట్లాగూ జరుగుతున్న పనిలోనే వాళ్లకు ఒక మూల ఇస్తున్నా.

పసుపు ఆట అట్లా దొరికిందే. బుడ్డోడు పసుపు డబ్బాలో చెయ్యి పెట్టి, ఆ చెయ్యి పోయి వాళ్ల తాత తెల్లపంచెకు తుడిచినాడు. మా అమ్మ పంచెను బకెట్లో వేసి సబ్బు రుద్దగానే ఆ మరక ఎర్రగా తిరిగింది. "ఒరేయ్, వీడికి యాడో తెగిందిరా!" అని ఒక్క కేక. ముగ్గురం కలిసి వాడి వేళ్లన్నీ వెతికినాం. ఏమీ తెగలేదు. పసుపులో ఉండే కర్కుమిన్‌కు సబ్బులో ఉండేలాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పసుపు రంగుకొస్తుంది. పారాణికి పసుపులో సున్నం కలిపేది అందుకే.

మరుసటి రోజు దాన్నే ఆటగా పెట్టినాం. అరగ్లాసు నీళ్లలో రెండు చెంచాల పసుపు కలిపి, మందపాటి డ్రాయింగ్ కాగితమంతా పూసి, ఫ్యాను కింద ఆరబెట్టాలి. ఇంకో గిన్నెలో నీళ్లు పోసి ఒక చెంచా వంటసోడా కలపండి, లేదంటే బట్టల సబ్బు బిళ్లను కాస్త అరగదీయండి. ఇయర్‌బడ్ ముంచి గీస్తే గీసినచోటల్లా ఎర్రగా లేస్తుంది. చేతులు కడుక్కునే లిక్విడ్‌తో నేను చేసి చూసినా, సరిగా రాలేదు, దాంట్లో అంత క్షారం ఉండదు. ఆఖర్న నిమ్మచెక్క ఇవ్వండి, ఎరుపు మీద పిండితే మచ్చలు మచ్చలుగా మాయమవుతుంది. మా పాప పాము గీసి, దాని తలమీద నిమ్మకాయ పిండి "చచ్చిపోయింది" అంటుంది. మళ్లీ సబ్బునీళ్లు పెట్టి బతికిస్తుంది. ఇట్లా నలభై నిమిషాలు! సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వొద్దు, కంట్లో పడితే ప్రమాదం.

తిండి విషయానికొస్తే, మా ఇంట్లో గుంత పొంగణాలకు మించింది లేదు. మిగిలిన పులిసిన దోసెపిండి చాలు. చిన్న చిన్న గిన్నెల్లో క్యారెట్ తురుము, పచ్చికొబ్బరి, బెల్లం, ఉల్లిపాయ సర్దిపెడతా. మా పెనానికి ఏడు గుంతలు. ఏ గుంతలో ఏం పోవాలో చెప్పేది వాళ్లు, పొయ్యి దగ్గర నిలబడేది నేను. వాళ్లు కిందనే కూర్చుని గిన్నెలు అందించాలి, అది కచ్చితం. గుంతలో సగం పిండి పోసి, పైన వాళ్లిచ్చింది వేసి, మళ్లీ పిండితో కప్పేయాలి. బెల్లం నేరుగా పెనానికి తగిలితే మాడి అంటుకుంటుంది, తర్వాత గీకేది మనమే. కాలినాక అన్నీ ఒకేలా ఉంటాయి కదా, ఎవరికి ఏది వచ్చిందో కొరికి చెప్పడమే ఆట. ఒకసారి బుడ్డోడు బెల్లం, ఉల్లిపాయ కలిపి ఒకే గుంతకు ఇచ్చినాడు. అది మా అమ్మకే పోయింది. నమిలి, ఆగి, "ఎవుడ్రా ఇది కలిపింది?" అంటే వాడు నేలమీద దొర్లి నవ్వినాడు. పిల్లలు తమ చేత్తో వేసుకుంటే కూరగాయలు తినేస్తారంటారు గానీ, మా పాప క్యారెట్ అంతా వాళ్లవ్వ గుంతల్లోకే పంపించింది. ఆ ఆశ పెట్టుకోవద్దు.

పాప కాస్త పెద్దదైంది కాబట్టి దానికి కలంకారీ, అంటే గుడ్డమీద పుల్లతో బొమ్మలేసే పని, కూడా పెట్టినా. పక్కనే శ్రీకాళహస్తిలో వేసేవాళ్లు వెదురుపుల్ల కొసకు కొంచెం పైన గుడ్డో ఉన్నో చుట్టి దారంతో కడతారు. అది రంగును పీల్చుకుంటుంది, వేలితో నొక్కితే కొసకు దిగుతుంది. గుడ్డను ముందే కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరేస్తారు, పాలలోని కొవ్వు వల్ల రంగు చెదరదు. మేము చీపురుపుల్లకు దూది చుట్టి, పాత పంచెముక్కను పాలలో ముంచి, కాఫీ డికాక్షన్‌తో గీసినాం. గీత నిజంగానే చెదరలేదు. ఆరేలోపల చీమలు పట్టినాయనుకోండి, అది వేరే కథ.

మిగతావి మీకూ తెలిసినవే. పూరీకి పిండి కలిపితే ఒక ముద్ద వాళ్లకు. తాటి ముంజలు తిన్నాక ఆ కాయలు రెండు, మధ్యలో ఒక పుల్ల: బండి. పీచున్న నాటు మామిడి టెంకను కడిగి ఆరబెట్టి దువ్వితే గడ్డం తాత తయారు. మే నెలలో మా ఊళ్లో భక్తులు రోజుకో వేషం కట్టే గంగజాతర రోజుల్లో మాత్రం మావాళ్లకు వేషాలు తప్ప ఇంకేమీ పట్టదు. మొహాలకు పూసుకోవద్దని అట్టముక్కల మీద వేయిస్తా, బైరాగి వేషానికి తెల్లగా బియ్యప్పిండి, బండ వేషానికి ఎర్రగా కుంకుమ.

మీ బాబుకు రెండున్నరే కాబట్టి ఒక్క మాట. గింజలతో ఆడించేటప్పుడు పక్కనుంచి కదలొద్దు. మావాడు పెసరగింజ ముక్కులోకి తోసుకున్నాడు. వేలుపెట్టి తీయబోతే ఇంకా లోపలికి పోతుంది, తడికి ఉబ్బుతుంది కూడా. నేరుగా డాక్టరు దగ్గరికి పరిగెత్తినాం, ఆయన రెండు నిమిషాల్లో తీసేసినారు, నాకు మాత్రం రెండ్రోజులు వణుకు తగ్గలేదు. చెనిక్కాయలు కూడా ఆ వయసుకు గింజలుగా ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

గోడలూ బట్టలూ అన్నారు. పసుపు మరకను ఉతికి మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేయండి, వెలిసిపోతుంది. తాత పంచె మూడో ఉతుకుకు తెల్లబడింది. హాల్లో స్విచ్‌బోర్డు కింద ఉన్న చిన్న చెయ్యి గుర్తుకు మాత్రం ఎండ తగలదు. అది అట్లానే ఉంది.