తీసేటప్పుడు ఏం చేస్తారో ముందే అడగండి

ప్రశ్న: అక్కా, నా గోళ్లు బాగా పల్చన, కొంచెం పెరిగాయనుకునేలోపే పొరలు లేచి విరిగిపోతాయి. వచ్చే నెల ఇంట్లో ఫంక్షన్ ఉంది, ఈసారైనా పొడవు గోళ్లు పెట్టించుకోవాలని ఆశ. అక్రిలిక్ అని ఒకరు, జెల్ అని ఒకరు, డిప్ పౌడర్, ప్రెస్ ఆన్ అని ఇంకొకరు చెప్తున్నారు. గిన్నెలు, బట్టలు నేనే చూసుకోవాలి, ఆఫీసులో రోజంతా టైపింగ్. ఏది పెట్టించుకోమంటారు?

జవాబు: చెల్లీ, అందరూ ఎన్ని రోజులు ఉంటుందనే అడుగుతారు, నేనైతే ఎలా ఊడుతుందో అడగమంటాను. గోరు పాడయ్యేది ఎక్కువగా తీసేటప్పుడే. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, మొత్తం కొత్త గోరు రావాలంటే దాదాపు ఆరు నెలలు పడుతుంది కాబట్టి ఒక్కసారి పీకి పైపొర పోగొట్టుకుంటే ఆ పల్చదనం నెలల తరబడి మోయాల్సిందే.

అక్రిలిక్ అంటే ఒక లిక్విడ్, ఒక పౌడర్ బ్రష్ మీద కలిపి గోరుకి పెడతారు, లాంప్ అక్కర్లేదు, గాలికే గట్టిపడుతుంది. పొడవుకి బాగా ఆగుతుంది. కాకపోతే ఘాటు వాసన, పట్టు కోసం ముందు నీ గోటినే ఫైల్‌తో రాస్తారు, రెండు మూడు వారాలకోసారి గోరు పెరిగి మొదలు దగ్గర వచ్చిన గ్యాప్ ఫిల్ చేయించాలి. నీలాంటి పల్చటి గోళ్లకి ఆ రాయడమే నాకు భయం. ఎవరైనా పెట్టించుకునేవాళ్లు మాత్రం లిక్విడ్‌లో ఎంఎంఏ (మిథైల్ మెథాక్రిలేట్ అనే కెమికల్) ఉందా అని తప్పకుండా అడగండి. అది గోటిని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే దేనికైనా తగిలినప్పుడు పైది విరగకుండా అసలు గోరే లేచొచ్చేస్తుంది, గోళ్ల రంగు తీసే అసిటోన్‌కీ సరిగా కరగదు. అమెరికాలో 1970ల్లోనే పూర్తి ఎంఎంఏతో చేసిన నెయిల్ ప్రొడక్ట్స్‌ని అక్కడి మందులు, కాస్మెటిక్స్ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ మార్కెట్ నుంచి తీయించింది. ఇప్పుడు మంచి చోట్ల దాని బదులు ఈఎంఏ (ఇథైల్ మెథాక్రిలేట్) వాడతారు.

జెల్‌లో రెండు రకాలున్నాయి, ఈ సంగతి చాలామందికి చెప్పరు. సాఫ్ట్ జెల్ అసిటోన్‌లో నానబెడితే మెత్తబడి వచ్చేస్తుంది, హార్డ్ జెల్ అలా కరగదు, ఫైల్‌తో రాసి తీయాల్సిందే. ఏది పెడుతున్నారో అడుగు. రెండూ లాంప్ కిందే గట్టిపడతాయి, అందులో వచ్చేది యూవీఏ, అంటే ఎండలో ఉండే అల్ట్రావయొలెట్ కిరణాల్లో ఒక రకం కాబట్టి ముందే చేతులకి సన్‌స్క్రీన్ రాసుకో, లేదంటే వేళ్ల చివర్లు తెరిచి ఉండే గ్లవ్స్ వేసుకో. డిప్ పౌడర్ సూపర్ గ్లూ జాతి జిగురు మీద పౌడర్ అద్దడం, లాంప్ ఉండదు, తీయడానికి అసిటోన్‌లో ఎక్కువసేపు నానాలి. అందరి వేళ్లూ ఒకే డబ్బాలో ముంచుతుంటే వద్దని చెప్పు, పైనుంచి చల్లమను.

ఒక్క ఫంక్షన్ కోసమే అయితే ప్రెస్ ఆన్, అంటే రెడీమేడ్‌గా దొరికే అతికించుకునే గోళ్లు తీసుకో, అదీ జిగురు సీసాతో కాకుండా స్టిక్కర్ ట్యాబ్స్‌తో. గిన్నెల పనికి ఆగవు, నిజమే, కానీ నీకు కావాల్సింది ఆ ఒకటి రెండు రోజులే కదా! గోటి సైజు కన్నా పెద్దది పెట్టకు, అంచులు చర్మం మీద కూర్చుంటే ఊరికే లేస్తాయి. తీసేటప్పుడు గోరువెచ్చటి సబ్బు నీళ్లలో చేతులు నానబెట్టి పక్కల నుంచి మెల్లిగా లేపు, లాగకు. ఏ రకమైనా సరే, అంచు లేచాక మళ్లీ జిగురు పూసి నొక్కేయకు, లోపల తడి ఉండిపోయి బ్యాక్టీరియా చేరితే గోరు ఆకుపచ్చగా మారుతుంది.

ప్రశ్న: ఇంట్లోనే జెల్ కిట్‌తో వేసుకుంటున్నాను. ఈమధ్య గోళ్ల చుట్టూ దురద, ఎర్రగా పొక్కులు, కనురెప్పల మీద కూడా. బ్రాండ్ మార్చాలా?

జవాబు: బ్రాండ్ మార్చొద్దమ్మా, ముందు ఆపేయండి. వినగానే నాకు తట్టింది అక్రిలేట్ అలర్జీ, అంటే జెల్‌లో ఉండే అక్రిలేట్ అనే కెమికల్స్ పడకపోవడం. సరిగా గట్టిపడని జెల్ చర్మానికి తగులుతూ ఉంటే ఇది వస్తుంది, ఒక కంపెనీ జెల్‌ని ఇంకో కంపెనీ లాంప్ కింద పెడితే పైకి గట్టిగా కనిపించినా లోపల పచ్చిగానే ఉండిపోవచ్చు. ఈ అలర్జీ ఒకసారి వచ్చిందంటే మామూలుగా జీవితాంతం ఉంటుంది, పళ్ల ఫిల్లింగుల్లో, కీళ్ల ఆపరేషన్లకి వాడే ఎముక సిమెంటులో కూడా ఇదే జాతి కెమికల్స్ ఉంటాయి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. స్కిన్ డాక్టర్ దగ్గర ప్యాచ్ టెస్ట్ (ఏది పడట్లేదో చర్మం మీద అంటించి చూసే పరీక్ష) చేయించుకోండి, కిట్ డబ్బా కూడా తీసుకెళ్లండి. అక్రిలిక్, డిప్ అంటూ వేరేదానికి మారడం కూడా వద్దు, రిజల్ట్ వచ్చేదాకా గోళ్లు ఖాళీగా ఉండనివ్వండి.

ప్రశ్న: నర్సింగ్ చదువుతున్నాను, పొట్టిగా జెల్ ఎక్స్‌టెన్షన్స్ పెట్టుకోవచ్చా?

జవాబు: పేషెంట్లని ముట్టుకునే డ్యూటీ ఉన్నన్నాళ్లూ వద్దు తల్లీ. డబ్ల్యూహెచ్‌ఓ 2009 చేతుల శుభ్రత గైడ్‌లైన్స్‌లోనే పెట్టుడు గోళ్లు వద్దన్నారు, పొట్టివైనా సరే, చేతులు కడిగాక కూడా వాటి మీద సూక్ష్మజీవులు ఎక్కువగా మిగులుతాయి. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ప్రెస్ ఆన్ పెట్టుకుని, డ్యూటీకి వెళ్లే ముందు రోజే తీసేయి.