ఎంఆర్ఐ స్కాన్‌లో ఆటిజం తెలుస్తుందా?

తెలియదు, ఆటిజం ఉన్నవారి మెదడు నిర్మాణంలో సగటున కొన్ని తేడాలు ఉన్నా, ఒక్కరి స్కాన్ చూసి నిర్ధారించేంత స్పష్టంగా అవి ఉండవు. ఆటిజంలో మెదడు ఎదుగుదల గర్భంలోనే కొంత వేరే దారి పడుతుంది. నాడీకణాల అమరికలో, వాటి మధ్య అనుసంధానాల్లో వచ్చే అంత సూక్ష్మమైన మార్పులు మామూలు ఎంఆర్ఐకి అందవు. స్కాన్‌లో కనిపించే తేడాలు కూడా అందరిలో ఒకేలా ఉండవు. ఉదాహరణకు, ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి మొదటి రెండేళ్లలో మెదడు పరిమాణం వేగంగా పెరుగుతుంది. ఎక్కువమందిలో అలా జరగదు. పైగా ఆటిజం లేని పిల్లల్లోనూ తల పెద్దగా ఉండవచ్చు.

'స్కాన్ నార్మల్‌గా వచ్చింది, ఇక ఆటిజం లేనట్టే' అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. దీనివల్ల పిల్లలకు అందాల్సిన సాయం ఆలస్యమవుతుంది, అదే బాధాకరం. నిర్ధారణ జరిగేది మాట, చూపు, ఆట, ప్రవర్తనలను నిపుణులు పరిశీలించడం ద్వారానే. మూర్ఛ వంటివి ఉన్నప్పుడు వైద్యులు స్కాన్ రాసేది ఇతర కారణాలు వెతకడానికి.