జ్వరం దిగాక మనుషుల్ని పోల్చుకోలేకపోతే అది వయసు కాదు

చికున్‌గున్యా తగ్గాక మీ నాన్నగారు (72 ఏళ్లు) మనుషుల్ని పోల్చుకోవడం లేదని, పగలంతా నిద్ర, రాత్రంతా పలవరింత అని రాశారు. వయసు వల్లేనా అని అడిగారు. కాదండీ. మతిమరుపు నెలల తరబడి మెల్లగా వస్తుంది. మొన్నటిదాకా పొలం లెక్కలు చెప్పిన మనిషి ఉన్నట్టుండి ఇలా అయితే ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మాది పలాస. మా అమ్మకీ ఇదే జ్వరం. ఒళ్లు చల్లబడింది కదా అనుకుంటుంటే, మంచం మీద కూర్చుని దుప్పటి అంచు గిల్లడం మొదలుపెట్టింది. చూస్తే జీడిపప్పు పొట్టు తీస్తోంది! లేని పప్పు నా అరచేతిలో పెట్టి, "బద్దలు వేరేగా వెయ్యి" అంది. కాసేపటికి మామూలుగా మాట్లాడి కాఫీ అడిగింది. తర్వాత మళ్లీ అదే వరస. మధ్యలో బాగుండటమే మనల్ని మోసం చేస్తుంది. మా పిన్నయితే గాలి సోకిందని నిమ్మకాయలు కూడా తెచ్చేసింది.

శ్రీకాకుళంలో డాక్టరు గారు ముందు రక్తంలో షుగర్, సోడియం (ఉప్పు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) చూశారు. జ్వరంలో తిండి తగ్గి, పైగా బీపీకి నీరు పోయే మాత్రలు వాడుతుంటే పెద్దవాళ్లకి సోడియం పడిపోతుంది. మతి తప్పడానికి అదొక్కటీ చాలు, సరిచేస్తే మనిషి తేరుకుంటారు కూడా. అమ్మ విషయంలో అది కాదు. సీటీ నార్మల్ అన్నారు. ఎంఆర్‌ఐ, వెన్ను నీటి పరీక్ష చేశాకే మెదడు వాపని తేలింది. అందుకే సీటీ బాగుందనగానే ఇంటికి వచ్చేయకండి. ఈఈజీ (మెదడులో విద్యుత్ తరంగాలు చూసే పరీక్ష) అవసరమా అని కూడా అడగండి. కాళ్లూ చేతులూ కొట్టుకోకుండానే లోపల ఫిట్స్ నడుస్తుండొచ్చు. మన్యం వైపు వెళ్లొచ్చి ఉంటే మలేరియా పరీక్ష తప్పనిసరి.

2005-06లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో చికున్‌గున్యా విజృంభించినప్పుడు మెదడు వాపు ఎక్కువగా వచ్చింది పసిపిల్లలకీ, 65 దాటినవాళ్లకీనట. ఈ వైరస్‌ని చంపే మందు లేదు. ఫిట్స్, సెలైన్, ఊపిరి చూసుకుంటూ కాపాడటమే వైద్యం. అమ్మ మెల్లగానే తేరుకుంది. ఇప్పటికీ సాయంత్రమైతే కాస్త తడబడుతుంది.

ఒళ్లు నొప్పులకి ఊళ్లో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ మాత్రం వేయించకండి. డెంగీ కాదని తేలేదాకా రక్తస్రావం భయం ఉంటుంది. పైగా ఆ మందు కిడ్నీలకీ చేటు, మన ఉద్దానంలో (పలాస చుట్టుపక్కల) కిడ్నీ జబ్బుల సంగతి మీకు తెలియనిదా! పారాసిటమాల్ చాలు, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో. పాదాల నుంచి పైకి బలం తగ్గుతున్నా, మింగలేకపోతున్నా 108కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు నాన్నగారు వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకోండి, అక్కడ మొదట అడిగేది అవే.