టైరు మీది అంకె కాదు, తలుపు దగ్గరి స్టిక్కరు చూడండి

పాత కారు కొన్నాననీ, దానితో మాన్యువల్ రాలేదనీ, టైర్లలో ఎంత గాలి ఉండాలో, బండి వివరాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పమనీ అడిగారు. డ్రైవరు వైపు తలుపు తెరిచి, తలుపు మూసుకునే స్తంభం మీద స్టిక్కరు చూడండి. కొన్ని బండ్లకు అది పెట్రోలు మూత లోపలివైపు ఉంటుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. కొన్నేళ్ల కిందట మే నెలలో అమ్మను తీసుకుని శ్రీకాకుళం నుంచి పలాస బయలుదేరుతూ, టైరు పక్కభాగంలో 44 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని అచ్చై ఉండటం చూసి, బంకులో నాలుగు టైర్లకూ అంతే పెట్టించాను. నరసన్నపేట చేరేలోపే చిన్న గతుకుకు కూడా బండి ఎగిరిపడసాగింది. వెనక సీట్లో అమ్మ నడుం పట్టుకుని కూర్చుంది. హైవే పక్కన పంక్చర్ షాపు ముందు ఆపితే, అక్కడి పెద్దాయన తలుపు తీసి, స్తంభం మీద పేరుకున్న ఎర్రమట్టిని బొటనవేలితో తుడిచి స్టిక్కరు చూపించారు. ముందు 33, వెనక 33 అని ఉంది.

"ఇదీ బండి లెక్క బాబూ. టైరు మీదున్నది అది ఓర్చుకునే హద్దు, అంత కొట్టమని కాదు," అన్నారు. ఎండలో పరిగెత్తిన టైరులో గాలి వేడెక్కి కొలత ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, అప్పటికి కొంత వదిలి, మర్నాడు బండి తీయకముందు మళ్లీ కొలుచుకోమన్నారు. అలాగే పలాసలో ఉదయం 33కు సరిచేశాను. తిరుగు ప్రయాణంలో నరసన్నపేట దాటేవరకు అమ్మ నిద్రపోయింది.

కనీసం మూడు గంటలు ఆగి ఉన్న బండికి తీసిన కొలతే నమ్మదగినది. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలన్నది నియమమే అయినా, చాలాచోట్ల యంత్రం చెడిపోయి ఉంటుంది, పనిచేసినచోట ముల్లు సరిగా చూపించదు. అందుకే గాలి ఒత్తిడి కొలిచే గేజి ఒకటి కొని డిక్కీలో పెట్టుకోండి. టైర్లలో నైట్రోజన్ నింపించడానికి డబ్బు పోయనక్కరలేదు. మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంది.

స్టిక్కరు మీద టైరు సైజు కూడా ఉంటుంది. పాత యజమాని వేరే సైజు వేయించి ఉండవచ్చు కాబట్టి, దాన్ని టైరు మీది సైజుతో పోల్చుకోండి. ఉదాహరణకు 185/65 ఆర్15 88హెచ్ అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, టైరు పక్కభాగం ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు, 88 అంటే ఒక్కో టైరు మోయగల బరువు 560 కిలోలు, హెచ్ అంటే వేగం హద్దు గంటకు 210 కిలోమీటర్లు. టైరు మీదే 2319 వంటి నాలుగంకెలు కనిపిస్తే, ఆ టైరు 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఇంజను సీసీ, ఛాసిస్ నంబరు, ఖాళీ బండి బరువు ఆర్‌సీలో ఉంటాయి; మాన్యువల్‌ను కంపెనీ వెబ్‌సైటులో మోడలు, సంవత్సరం చూసి దించుకోవచ్చు.

స్టెప్నీని మరిచిపోకండి. అది మిగతావాటి సైజుదే అయితే ఈ లెక్కే వర్తిస్తుంది. సన్నటి తాత్కాలిక స్టెప్నీ అయితే మాత్రం సాధారణంగా 60 పీఎస్ఐ ఉండాలి, ఆ అంకె దాని మీదే రాసి ఉంటుంది.