ఆల్జినేట్ ముందే బిగుస్తుంటే నీళ్లను అనుమానించండి

పాప చేతి అచ్చు కోసం ఆల్జినేట్ (నీళ్లలో కలిపితే మెత్తటి రబ్బరులా గట్టిపడే అచ్చు పౌడర్) కలుపుతుంటే నిమిషంలోపే ఉండలు కట్టి బిగుసుకుపోతోందని, డబ్బా మార్చినా అదే తంతని రాశారు. బోరు నీళ్లు వాడుతున్నానన్నారు కదండీ, నా అనుమానమంతా వాటి మీదే.

ఆల్జినేట్ గట్టిపడేదే కాల్షియంతో. పౌడర్లో సోడియం లేదా పొటాషియం ఆల్జినేట్‌తో పాటు కాల్షియం సల్ఫేట్ ఉంటుంది. అది వెంటనే పని మొదలుపెట్టకుండా కొంచెం ఫాస్ఫేట్ కూడా కలుపుతారు. కాల్షియం ముందు ఆ ఫాస్ఫేట్‌తో కలిసి, అది అయిపోయాకే ఆల్జినేట్ జోలికి వస్తుంది. మనకు కలుపుకునే టైమ్ దొరికేది అందుకే. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే ఫాస్ఫేట్ త్వరగా ఖర్చయిపోతుంది. మీ బకెట్ అంచున తెల్లటి పొర కడుతోందా, సబ్బు సరిగా నురగ రావట్లేదా? అయితే అదే.

ఆర్వో నీళ్లు గానీ, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ వాడండి. మరిగించి చల్లార్చితే నీళ్ల కాఠిన్యం (అంటే ఆ కాల్షియం లాంటివి) కొంతే పోతుంది, దాన్ని నమ్ముకోకండి. ఎండాకాలం ట్యాంకు నీళ్లు వేడెక్కి ఉంటాయి, వాటితో ఇంకా తొందరగా బిగుస్తుంది. 20 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే చాలు. మరీ ఐస్ వాటర్ వద్దు, పాప చెయ్యి లాగేసుకుంటుంది (మా వాడు అదే చేశాడు, అచ్చంతా పోయింది).

పాపను కూర్చోబెట్టకముందే రెండు గ్లాసుల్లో రెండు రకాల నీళ్లు తీసుకుని, ఒకే కొలతలో పౌడర్ కలిపి టైమ్ చూడండి. రెండూ ఒకే చల్లదనంలో ఉండాలి. తేడా రాకపోతే మళ్లీ రాయండి, పౌడర్ తేమ పట్టిందేమో చూద్దాం.